నోటో సాన్స్ సీజేకే జేపీ ఫాంట్: 2017 నుంచి వాడుతున్న అనుభవంతో

మా ఇంటి అడ్రస్‌లోనే ఒక ఫాంట్ సమస్య ఉంది. మేముండేది టోక్యోలో, ఎదొగావా వార్డులోని నిషి-కసాయ్‌లో. మన ఐటీ వాళ్లు ఎక్కువగా ఉండే చోటు కాబట్టి చాలామంది తెలుగువాళ్లు ఈ పేరు వినే ఉంటారు. ఈ పేరులో 'క' అని పలికే కంజి (చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన అక్షరం) ఒకటుంది, దాని అర్థం ఒక తీగమొక్క. ఆ అక్షరానికి రెండు రూపాలున్నాయి. అడుగు భాగంలో ఒకదాంట్లో 'మనిషి' కంజి లాంటి రెండు గీతలుంటాయి, ఇంకోదాంట్లో కతకాన అనే జపనీస్ లిపిలోని 'హి' లాంటి గీతలుంటాయి. 2017లో ఇక్కడికి వచ్చిన కొత్తలో అద్దె ఒప్పందం మీద ఒక రూపం, ఆఫీసులో జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఇంకో రూపం కనిపించేసరికి నా అడ్రస్ ఎవరో తప్పుగా ఎక్కించారేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. టైప్ చేసింది ఒకే అక్షరం, మారింది ఫాంట్ మాత్రమే అని మా టీమ్‌లో ఒక పెద్దాయన కూర్చోబెట్టి చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు జపనీస్ ఫాంట్లంటే పట్టింపు వచ్చింది.

నా పని ఇన్‌వాయిస్‌లు, రిపోర్టులు, అపాయింట్‌మెంట్ స్క్రీన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద. క్లయింట్లందరూ జపాన్ వాళ్లే, కోడ్ రాసేవాళ్లలో సగం మంది ఇండియాలో ఉంటారు. ఇన్నేళ్లలో మేం ఎక్కువగా వాడింది నోటో సాన్స్ సీజేకే జేపీ. సీజేకే అంటే చైనీస్, జపనీస్, కొరియన్, జేపీ అంటే జపాన్. ఎవరైనా ఇప్పుడు కొత్తగా మొదలుపెడుతూ ఏ ఫాంట్ పెట్టమంటావని అడిగితే ఇదే పెట్టమంటాను. కాకపోతే పెట్టేసి ఊరుకుంటే సరిపోదు, ఆ తర్వాత చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి, అవే రాస్తాను.

ముందు ఒక మాట. జపనీస్ సరిగ్గా కనపడటం లేదని ఎవరైనా అన్నప్పుడు వెంటనే ఫాంట్ వెతక్కండి, స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చూడండి. ఖాళీ డబ్బాలు వరసగా కనిపిస్తే అది ఫాంట్ లేకపోవడం. ఆ డబ్బాలనే టోఫు అంటారు, నోటో అనే పేరు కూడా 'టోఫు వద్దు' అనే మాటలోంచి వచ్చిందే. డబ్బాలు కాకుండా అర్థంపర్థం లేని అక్షరాలు వస్తే, ముఖ్యంగా ఒకే కంజి మాటిమాటికీ వస్తూ మధ్యలో సగం వెడల్పు కతకాన ముక్కలు కనిపిస్తే, అది మొజిబాకే. అంటే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతి) ఉన్న పాఠాన్ని ఎవరో జపాన్ పాత ఎన్‌కోడింగ్ షిఫ్ట్-జిస్ అనుకుని చదివారు. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైల్ తెరిచినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. ఇక అక్షరాల బదులు ప్రశ్నార్థకాలే వరసగా ఉన్నాయంటే చాలాసార్లు డేటా దారిలోనే పోయింది, మూల ఫైల్ తెచ్చుకోవాల్సిందే.

మనవాళ్లు ఇక్కడ తప్పటడుగు వేయడానికి ఒక కారణం ఉందని నాకనిపిస్తుంది. మనకి అను ఫాంట్లు అలవాటు. డీటీపీ చేసినవాళ్లకి తెలుసు, అనులో కొట్టిన ఫైల్ ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, ఆ ఫాంట్ ఇన్‌స్టాల్ చేయగానే చక్కటి తెలుగు వచ్చేస్తుంది. అందుకని పిచ్చి అక్షరాలు కనపడగానే 'ఫాంట్ వెయ్యి' అంటాం. జపనీస్ మొజిబాకేకి ఎన్ని ఫాంట్లు వేసినా ఏమీ మారదు, ఎన్‌కోడింగ్ సరిచేయాలి. మా హైదరాబాద్ టీమ్‌లో ఒకబ్బాయి ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పదకొండు ఫాంట్లు మార్చి చూశాడు, చివరికి ఫైల్ చదివే చోట ఒక్క పదం మారిస్తే అయిపోయింది. అతని తప్పు కాదు, ఎవరూ చెప్పలేదంతే.

ఇప్పుడు ఫాంట్ సంగతి. దీన్ని గూగుల్, అడోబీ కలిసి 2014 జూలైలో విడుదల చేశాయి. అడోబీ తన వైపు నుంచి సోర్స్ హాన్ సాన్స్ అనే పేరుతో ఇస్తుంది, గీతలు రెండింటిలోనూ ఒకటే. ఏడు మందాల్లో వస్తుంది. ఒక్కో ఫాంట్‌లో 65,535 గ్లిఫ్‌లు, అంటే గీసిన అక్షర రూపాలు, ఉంటాయి, ఒక ఓపెన్‌టైప్ ఫైల్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య అదే, ఇంకొక్కటి కూడా పట్టదు. అడ్డగీతలు సన్నగా ఉండే మించో తరహా కావాలంటే సెరిఫ్ రూపం 2017లో వచ్చింది. లైసెన్స్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్, అంటే మీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వచ్చు, పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేయచ్చు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఫాంట్‌ని మాత్రమే విడిగా అమ్ముకోకూడదు. చిన్న కంపెనీకి ఇదెంత ఊరటో చెప్పలేను, ఎందుకంటే వేలల్లో కంజి గీసిన జపనీస్ ఫాంట్ కొనాలంటే ఖర్చు మామూలుగా ఉండదు, అందులో సర్వర్ వాడకానికి వేరే లెక్కలు కూడా ఉంటాయి.

డబ్బాల విషయంలో నోటో పని పూర్తిగా చేస్తుంది. మాకు మొదటి దెబ్బ తగిలింది సర్వర్ దగ్గర. ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చక్కగా వచ్చేది, సర్వర్ మీద కంటైనర్‌లో నడిపితే అంకెలు, ఇంగ్లీషు బాగానే ఉండి జపనీస్ ఉన్న ప్రతిచోటా డబ్బాలు. ల్యాప్‌టాప్‌లో విండోస్ తన ఫాంట్లు తనే ఇస్తుంది, కంటైనర్‌లోకి తీసుకున్న చిన్న లైనక్స్ ఇమేజ్‌లో ఫాంట్ అనేదే ఉండదు. డెబియన్ అయితే ఫాంట్స్-నోటో-సీజేకే అనే ప్యాకేజీ వేసి, ఎఫ్‌సీ-క్యాష్ నడిపి, ఎఫ్‌సీ-లిస్ట్‌లో జపనీస్ భాష కోడ్ ఇచ్చి ఫాంట్ పేరు వస్తోందో లేదో చూసుకుంటే చాలు. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫులు గీసేవాళ్లు '26085 గ్లిఫ్ ఇప్పటి ఫాంట్‌లో లేదు' అనే హెచ్చరిక చూసే ఉంటారు. ఆ 26085 ఏమిటంటే 'సూర్యుడు' కంజి, నిహోన్ అనే మాటలో మొదటి అక్షరం. అక్కడ డిఫాల్ట్‌గా ఉండే దేజావు సాన్స్‌లో జపనీస్ లేదు కాబట్టి అలా వస్తుంది, ఫాంట్ పేరు మార్చి ఇస్తే పోతుంది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే, ఎక్కడైనా దొరుకుతుంది. నేను అసలు రాయాలనుకున్నది దీని తర్వాతది. డబ్బాలు పోయాక అందరూ పని అయిపోయిందనుకుంటారు, నేనూ అనుకున్నాను. 2018లో ఒక సెక్కొత్సుయిన్ కోసం అపాయింట్‌మెంట్ స్క్రీన్ చేశాం. సెక్కొత్సుయిన్ అంటే ఎముకలు, కీళ్లు సరిచేసే చోటు, ఇక్కడ వీధికొకటి ఉంటుంది. డెమో రోజు అంతా బాగా నడిచింది. రిసెప్షన్ చూసే పెద్దావిడ మాత్రం స్క్రీన్‌కి దగ్గరగా వచ్చి వాళ్ల సొంత బోర్డు మీదున్న మాటనే వేలితో చూపించి, 'ఇది మా అక్షరం కాదండీ' అంది. ఆవిడ మెత్తగానే అంది గానీ ఆ గదిలో మా వాళ్లెవరికీ ఏం తప్పో కనపడలేదు.

ఆవిడ చూపించింది 'హొనే', ఎముక అనే కంజి. పైభాగంలో ఒక పెద్ద గది, దాని లోపల మూలన ఒక చిన్న గది గీస్తారు. జపాన్‌లో ఆ చిన్న గది కుడి గోడకి ఆనుకుని ఉంటుంది. చైనాలో ఇప్పుడు రాసే రూపంలో ఎడమ గోడకి ఆనుకుని ఉంటుంది. మా స్క్రీన్ మీద ఎడమవైపుంది. ఆ తర్వాత మిగతా స్క్రీన్లు చూస్తే 'మళ్లీ చేయండి' అనే బటన్‌లోనూ అదే పరిస్థితి. అందులో 'నావొ' అనే కంజి ఉంటుంది, జపాన్‌లో దాని ఎడమ పక్క నుంచి కిందికి దిగి కుడికి తిరిగే ఒక మడత గీత ఉంటుంది, చైనా రూపంలో ఆ మడత ఉండదు, కింద అడ్డగీత ఒకటే. ఒక్కసారి తెలిశాక మళ్లీ చూడకుండా ఉండలేరు.

ఎందుకిలా జరుగుతుందంటే, చైనా, జపాన్, కొరియా వాడే హాన్ అక్షరాల్లో మూలం ఒకటే అయి రూపం కొంచెం మారినవాటికి యూనికోడ్‌లో ఒకే సంకేతం ఇచ్చారు. ఏ దేశం రూపం చూపించాలో అక్షరం చెప్పదు, ఫాంట్ చెప్పాలి, ఫాంట్‌కి మనం చెప్పాలి. తెలుగు, కన్నడలకి ఈ బాధ లేదు, ఎంత దగ్గరి అక్కచెల్లెళ్లయినా యూనికోడ్‌లో ఎవరి ఇల్లు వాళ్లదే. అలా కాకుండా రెంటినీ కలిపేసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. పొద్దున్నే పేపర్ తెరిస్తే ప్రతి 'క' మీదా కన్నడ తలకట్టు. చదవలేమా అంటే చదవగలం, అయినా కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుంది. ఆవిడకి అదే అనిపించింది. ఆ రోజు ఇంటికి వచ్చాక నేను చాలాసేపు ఆ మాటే తలుచుకున్నాను, మన భాషని ఎవరైనా ఇలా చూపిస్తే నాకెంత కోపం వచ్చేదో అని.

నోటో సీజేకే ఇక్కడే బాగా ఉపయోగపడుతుంది, తెలియకపోతే ఇక్కడే దెబ్బతీస్తుంది. ఒకే ఫైల్‌లో జపాన్, కొరియా, చైనా రూపాలన్నీ ఉంటాయి. పేరు చివర జేపీ అని ఉన్నది పిలిస్తే జపాన్ రూపాలు, ఎస్‌సీ అని ఉన్నది పిలిస్తే చైనా రూపాలు వస్తాయి. మా స్క్రీన్‌లో ఎవరో 'శాన్స్-సెరిఫ్' అని మాత్రం రాసి వదిలేశారు, పేజీకి భాష చెప్పలేదు, సిస్టమ్ తనకి ముందు దొరికినది తీసుకుంది. పేజీ మొదట్లో లాంగ్ ఆట్రిబ్యూట్‌లో జపనీస్ అని రాసి, ఫాంట్ పేరు జేపీ అని స్పష్టంగా ఇచ్చాం, ఎముక తన గోడకి తను తిరిగింది. పది నిమిషాల పని. లైనక్స్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కి భాష ఇచ్చి అడిగితే అది ఏ ఫాంట్ ఎంచుకుంటోందో చెబుతుంది, నేనిప్పుడు ప్రతి కొత్త సర్వర్‌లో ముందు అదే చూస్తాను. ఫోన్‌లో జపనీస్ నేర్చుకునేవాళ్లకి కూడా ఇదే చెబుతాను: ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో భాషల జాబితాలో ఇంగ్లీషు కింద జపనీస్‌ని రెండోదిగా చేర్చండి. అలా చేర్చకపోతే చాలా ఫోన్లలో కంజి చైనా రూపంలో వస్తుంది, జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షకి చదివేవాళ్లు తప్పు రూపం చూసి చూసి అదే చేతికి అలవాటు చేసుకుంటారు.

నోటోకి మారడం వల్ల మాకు జరిగిన పెద్ద అల్లరి ఇంకొకటుంది, ఇది మారబోయేవాళ్లందరూ వినాలి. ఒక క్లయింట్ పాత ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో ఎంఎస్ గోథిక్ వాడేవాళ్లు. దాన్ని తీసి నోటో పెట్టాం, అక్షరాలు నిగనిగలాడాయి, అందరం సంతోషపడ్డాం. మర్నాడు పొద్దున్నే ఫోన్, ప్రతి ఇన్‌వాయిస్‌లో ధర ముందు యెన్ గుర్తు పోయి బ్యాక్‌స్లాష్ వచ్చిందని. కారణం పాతది. జపాన్ పాత ఎన్‌కోడింగ్‌లో బ్యాక్‌స్లాష్ ఉండాల్సిన స్థానంలో యెన్ గుర్తు పెట్టుకున్నారు, ఎంఎస్ గోథిక్ ఇప్పటికీ ఆ సంకేతాన్ని యెన్ గానే గీస్తుంది, అందుకే జపాన్ విండోస్‌లో ఫోల్డర్ దారుల మధ్య కూడా యెన్ గుర్తులు కనిపిస్తాయి. నోటో దాన్ని యూనికోడ్ చెప్పినట్టు బ్యాక్‌స్లాష్‌గానే గీస్తుంది. నోటో చేసింది సరైన పనే, కానీ ఇరవై ఏళ్ల డేటాలో ధరలన్నీ ఆ సంకేతంతోనే ఉన్నాయి. ధర ఉండే కాలమ్స్‌లో మాత్రం దాన్ని అసలు యెన్ గుర్తుగా మార్చి, ఫైల్ దారులున్న కాలమ్స్‌ని ముట్టుకోకుండా వదిలేశాం. మొత్తం డేటాలో ఒకేసారి మార్చేస్తే ఫైల్ దారులన్నీ తెగిపోయేవి. ఫాంట్ మార్చే ముందు డబ్బు కనిపించే ప్రతి పేజీ ప్రింట్ తీసి చూసుకోండి.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది బరువు. పూర్తి జేపీ రెగ్యులర్ ఫైల్ ఒక్కటే 16 ఎంబీ దాకా ఉంటుంది, ఏడు మందాలూ పెట్టుకుంటే మీ యాప్ కన్నా ఫాంటే పెద్దదవుతుంది. వెబ్‌కి అయితే నోటో సాన్స్ జేపీ అని జపాన్‌కి కావాల్సినవి మాత్రమే ఉన్న చిన్న రూపం తీసుకోండి, గూగుల్ ఫాంట్స్ దాన్ని ముక్కలు ముక్కలుగా పంపుతుంది కాబట్టి పేజీ తొందరగా తెరుచుకుంటుంది. రెండోది లైన్ ఎత్తు. 1000 యూనిట్ల అక్షరానికి ఈ ఫాంట్ 1448 యూనిట్ల ఎత్తు అడుగుతుంది, పాత ఫాంట్‌కి కొలిచి చేసిన బటన్లలో అక్షరాలు కిందికి జారతాయి, ఒక పేజీలో పట్టే టేబుల్ రెండో పేజీకి పోతుంది. లైన్ ఎత్తు మీరే చేత్తో ఇచ్చుకోవాలి. మూడోది, సీజేకే ఫైళ్లు పోస్ట్‌స్క్రిప్ట్ తరహా గీతలతో ఉంటాయి, కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలు వాటిని ఒప్పుకోవు, ట్రూటైప్ మాత్రమే తీసుకుంటాయి. అలాంటి చోట మేం ఐపీఏఎక్స్ గోథిక్ వాడాం, పాతదైనా నమ్మకంగా పనిచేసింది. కోడ్ ఎడిటర్‌లో ఇంగ్లీషు, జపనీస్ కాలమ్స్ ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే నోటో సాన్స్ మోనో సీజేకే జేపీ పెట్టుకోవాలి, అందులో ఇంగ్లీషు అక్షరం జపనీస్ అక్షరంలో సరిగ్గా సగం.

అప్‌డేట్ల గురించి ఒకటి. 2019 ఏప్రిల్ 1న జపాన్‌లో కొత్త చక్రవర్తి శకం పేరు రేవా అని ప్రకటించారు, మే 1 నుంచి అమలు. ఆ రెండు కంజి కలిపి ఒకే చిన్న గదిలో పట్టే గుర్తు కోసమే యూనికోడ్ 12.1 విడుదలైంది, అందులో చేరిన కొత్త అక్షరం అదొక్కటే. మా రిపోర్టుల్లో తేదీ ముందు, దానికి ముందటి శకం హేసేకి అలాంటి గుర్తే వాడేవాళ్లం కాబట్టి ఆ నెలంతా మాకు నిద్ర లేదు. నోటో, సోర్స్ హాన్ సాన్స్ ఏప్రిల్‌లోనే 2.001 వెర్షన్‌లో ఆ గుర్తు చేర్చి ఇచ్చాయి, ఉచితంగా ఇచ్చే ఫాంట్‌కి అంత తొందరగా రావడం నాకు నిజంగా గౌరవం కలిగించింది. ఇప్పటికీ ఎక్కడైనా తేదీ ముందు డబ్బా కనిపిస్తే ఆ సర్వర్‌లో ఫాంట్ 2019కి ముందుదని అర్థం.

పేర్ల దగ్గర జపాన్ వాళ్ల పట్టింపు మనకి కొత్త కాదు. తకహాషి అనే ఇంటిపేరులో 'తక'కి మామూలు రూపం ఒకటి, నిచ్చెన లాంటి రూపం ఇంకొకటి. నిచ్చెన తకహాషి గారికి మామూలు తకహాషి అని కార్డు ప్రింట్ చేసి ఇస్తే ఆయన తీసుకుంటాడు గానీ మనసులో పెట్టుకుంటాడు. అలంకారంగా ఉండే ఉచిత ఫాంట్లు చాలావాటిలో ఈ నిచ్చెన రూపం ఉండదు, ఆ ఒక్క అక్షరం వేరే ఫాంట్‌లోంచి వచ్చి పక్కవాటికన్నా సన్నగా కనిపిస్తుంది. నోటోలో అది ఉంది. కుటుంబ రిజిస్టర్లలో కనపడే అరుదైన రూపాలు కావాలంటే మాత్రం నోటో చాలదు, సుమారు 60,000 అక్షరాలున్న ఐపీఏఎంజే మించో తీసుకోవాలి.

మా ఇంటి 'క' సంగతి కూడా ఇందులోదే. జపాన్ 2004లో అక్షరాల ప్రమాణాన్ని సవరించినప్పుడు 168 కంజి రూపాలు మార్చింది, విండోస్ విస్టా నుంచి ఎంఎస్ గోథిక్ కొత్త రూపాలకి మారింది. ఎక్స్‌పీ కాలం ఫాంట్ ఉంటే 'హి' రూపం, తర్వాతదైతే 'మనిషి' రూపం. మా పక్కనున్న కత్సుషికా వార్డు 'మనిషి' రూపం రాస్తుంది, నారా దగ్గరి కత్సురగి నగరం 'హి' రూపం రాస్తుంది. నోటో మామూలుగా కొత్త రూపమే చూపిస్తుంది, పాతది కావాలంటే అక్షరం వెనక ఒక వేరియేషన్ సంకేతం చేర్చాలి, అది అన్ని సాఫ్ట్‌వేర్లలో పనిచేయదు.

నోటో పెట్టని చోట్లు కూడా ఉన్నాయి. పెద్దవయసు వాళ్లు రోజంతా చూసే స్క్రీన్లకి ఇప్పుడు బిజ్ యూడీ గోథిక్ వాడుతున్నాను. మొరిసావా వాళ్లది, విండోస్ 10లో 2018 చివరి అప్‌డేట్ నుంచి ఉంది. చిన్న సైజులో 'బ'కి పక్కన ఉండే రెండు గీతలు, 'ప'కి ఉండే చిన్న సున్నా నోటోలో కలిసిపోయినట్టుంటాయి, ఇందులో విడిగా కనిపిస్తాయి. ఇంట్లో మా పాపకి ఇంకో ఫాంట్. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దానికి హిరగాన అనే జపనీస్ లిపి అభ్యాసం కాగితాలు నోటోలో ప్రింట్ చేసి ఇచ్చాను. 'నాన్నా, మా టీచర్ 'కి' ఇలా రాయదు, కింద గీత విడిగా ఉంటుంది' అని చేతిలో పెన్సిల్ పెట్టేసి కూర్చుంది. అచ్చు అక్షరంలో కలిసి ఉండే గీత చేతిరాతలో విడిపోతుంది, నాకు ఆ ఆలోచనే రాలేదు. విండోస్‌లో ఉండే యూడీ డిజిటల్ క్యోకాషోలో మళ్లీ ప్రింట్ తీసి ఇచ్చాను, పాఠ్యపుస్తకం రూపాలు అందులో ఉంటాయి. జపనీస్ నేర్చుకునే పెద్దవాళ్లు కూడా రాయడానికి ఇలాంటిదే చూసుకోండి, నోటో చదవడానికి.

ఇప్పుడు నా దగ్గర ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది, అందులో ఒకే ఒక్క లైన్. ఎముక, 'మళ్లీ చేయి'లోని నావొ, మా కసాయ్‌లో 'క', నిచ్చెన తక, రేవా గుర్తు, యెన్, దాని పక్కన బ్యాక్‌స్లాష్, తర్వాత హిరగాన 'బ', 'ప', 'కి'. కొత్త సర్వర్ వచ్చినా, కొత్త లైబ్రరీ వచ్చినా, క్లయింట్ కొత్త ప్రింటర్ కొన్నా ముందు ఆ లైన్ ప్రింట్ తీసి, కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎముకలో చిన్న గది కుడివైపుందో లేదో చూస్తాను. మీకు జపనీస్ చదవడం రాకపోయినా ఆ ఒక్కటి చూడటం వచ్చేస్తుంది.